సిగ్నె గదికి రంగులు

గోథెన్‌బర్గ్‌లో అక్టోబరు నెల శనివారం పొద్దున, మూడో అంతస్తులో, ఇంకా గది అనిపించుకోని ఒక గది. నిచ్చెన మీద ఉన్నది హెన్నింగ్, తొమ్మిదేళ్ల సిగ్నెని కన్న తండ్రి. కింద రంగు కలుపుతున్నది ఈవార్, ఆ పిల్లని ఐదేళ్లు పెంచి, దాని తల్లి మాలిన్‌తో మొన్న వసంతంలో విడిపోయినవాడు. పిల్ల ఈ గదిలో ఒక్క రాత్రి పడుకోవాలన్నా హెన్నింగ్ సరే అనాలి. అది అడగడానికే అతన్ని పిలిచాడు ఈవార్. అడగడం తప్ప అన్నీ చేస్తున్నాడు.

"పసుపు వేస్తే నీ సొమ్మేం పోయింది?"

"పసుపు వద్దు హెన్నింగ్. ఇందాకే చెప్పాను."

"పిల్లల గదంటే పసుపే. మా అమ్మ నాకూ పసుపే వేయించింది."

"అందుకే ఇలా తయారయ్యావు. పసుపు చూస్తే సిగ్నెకి సాసేజీ మీద పిండే ఆవాల ముద్ద గుర్తొస్తుంది. ఆ వాసనకే కదా బడిలో వాంతి చేసుకుంది."

"ఎప్పుడు?"

"పోయినేడు."

"నాకెవరూ చెప్పలేదే!"

"అది మా వారం. నీ వారం వచ్చేసరికి తేరుకుంది. ఇంకెందుకులే అని..."

"బాగుంది. మీ వారంలో వాంతులు, నా వారంలో పేలు. ఐదేళ్లుగా శుక్రవారం శుక్రవారం ఆ పిల్ల సంచి తగిలించుకుని మీ ఇంటికీ నా ఇంటికీ తిరుగుతుంటే, మనకి పంపకం ఇలా కుదిరిందన్నమాట."

"పేలు మా ఇంటికీ వచ్చాయిలే."

"నేనే పంపాను. నేనొక్కణ్ణే ఎందుకు గోక్కోవాలి?"

"సరేగానీ, నిన్ను పిలిచింది అసలు..."

"ఈ నిచ్చెన ఊగుతోంది చూడు. పట్టుకో, పట్టుకో. నేను పోతే పిల్లని నీ పేర రాసిస్తారనుకోకు."

"పట్టుకున్నాను. నేను చెప్పేదేంటంటే..."

"పసుపు కాకపోతే మరి ఏ రంగు?"

"ఆకుపచ్చ. ముదురు. చలికాలం అడవి పచ్చ."

"గుహలా ఉంటుంది."

"దానికి గుహే కావాలి. అసలు నల్లరంగు అడిగింది."

"నల్లరంగా? నన్ను గుర్రాలు అడిగింది!"

"ఎప్పుడు?"

"ఎప్పుడేంటి... ఐదేళ్లప్పుడు. గోడ నిండా గుర్రాల కాగితం. ఇప్పటికీ చెక్కుచెదరలేదు."

"తొమ్మిదేళ్ల పిల్లకి ఇంకా ఆ గుర్రాలే ఉంచావా?"

"పీకితే సున్నం ఊడొస్తుంది. అయినా వాటికేం, లక్షణంగా ఉన్నాయి. ఒకదానికి మీసాలు గీసిందంతే."

"అన్నిటికీ గీసింది. ఒకదానికి నీ పేరు కూడా పెట్టింది. దానికి పళ్లు పెద్దవిట."

"నీకెవరు చెప్పారు?"

"అదే చెప్పింది."

"ఇంకేం చెప్పింది?"

"ఏమీ లేదు."

"చెప్పు, ఫరవాలేదు. నేనేమన్నా పసివాణ్ణా?"

"నువ్వు పక్కన కూర్చుని పాట అందుకోగానే నిద్రపోయినట్టు నటిస్తుందిట. లేకపోతే నువ్వు ఆపవుట."

"ఆ టేపు ఇలా పడెయ్."

"అడిగావని చెప్పాను."

"అడిగితే మాత్రం అన్నీ చెప్పేయాలా? మరి నల్లరంగు ఎందుకంట మహాతల్లికి?"

"శ్మశానాల పిచ్చి. పెద్దయ్యాక శవపేటికలు చేస్తుందిట."

"అది నాకూ చెప్పింది. చెయ్యనీ. గిరాకీ తగ్గే వ్యాపారం కాదు."

"నేనూ అదే అన్నాను. అప్పట్నుంచి నాకు కొలతలు తీస్తోంది."

"నావి ఎప్పుడో తీసేసింది. ఆ తెరలేంటి, ఆ మూట? పుర్రెలా?"

"పుర్రెలే. వేసవిలో వెలుతురు ఆగాలంటే మందంగా ఉండాలని లోపల ఇంకో బట్ట వేసి కుట్టాను."

"నువ్వు కుట్టావా?"

"బడిలో మనకందరికీ నేర్పారుగా కుట్టుపని."

"నాకూ నేర్పారు. నేను దిండు గలీబుకి నా చొక్కా చెయ్యి కలిపి కుట్టేశాను. టీచరమ్మ కత్తిరించి విడదీసింది. ఇలా చూపించు. అబ్బో, పుర్రెలన్నీ ఒకే వైపు చూస్తున్నాయే! అతుకు కూడా కనబడటం లేదు."

"నీకు నచ్చలేదా?"

"నచ్చింది. ఇంకోటి కుట్టు. తలుపు వైపుకి."

"ఏంటీ?"

"తలుపు కింద నుంచి నడవలోని దీపం పడుతుంది. అక్కడా ఒక తెర ఉంటే పొద్దెక్కేదాకా లేవదు. ఆ అలమర కూడా చిన్నది. ఇంకో అర చేర్చు. బట్టలెక్కువ పడతాయి."

"హెన్నింగ్, ఒకటడగనా?"

"ఆఁ."

"నీకు ఒంట్లో బాగానే ఉందా?"

"నాకేం?"

"ఈ గది నీ ఇంట్లో గది కన్నా బాగుంటే నీకు మండుతుందనుకున్నాను. నాకైతే మండేది. ఐదేళ్లూ మనం చేసింది అదేగా. నువ్వు రెండు చక్రాల సైకిలు కొన్నావని మేము గేర్ల సైకిలు కొన్నాం. మేము చేపల తొట్టి పెట్టామని నువ్వు తాబేలు తెచ్చావు."

"ఆ తాబేలు ఇంకా చావలేదు, నా ప్రాణానికి. నూరేళ్లు బతుకుతుందిట."

"మరి ఇప్పుడేంటి, ఇంకో అర చేర్చమంటున్నావు?"

"పిల్ల బాగుండాలి కదా. మనిషన్నాక మారతాడు. ఆ మంచం ఎందుకంత ఎత్తు?"

"పైన పడక, కింద బల్ల. గది చిన్నది కదా."

"పడితే?"

"కటకటాలున్నాయి."

"అది మామూలు పిల్లా? రాత్రి తల ఇటు, తెల్లారేసరికి తల అటు."

"తెలుసు. అందుకే కాళ్ల వైపు కూడా దీపం పెట్టాను. లేచేసరికి తల అక్కడే ఉంటుంది కదా, పుస్తకం చదువుకోవాలంటే చెయ్యి చాస్తే చాలు."

"ఏదీ, ఆ దీపం ఒకసారి వెయ్యి."

"ఏంటి, అలా చూస్తున్నావు?"

"ఏం లేదు. నాకు తట్టలేదు, ఇన్నేళ్లూ. మంచం నువ్వే చేశావా?"

"డబ్బాలో ముక్కలుగా వచ్చింది. బిగించాను. ఒక స్క్రూ మిగిలింది."

"స్క్రూ మిగిలిన మంచం మీద నా కూతుర్ని పడుకోబెడతావా?"

"అంటే... పడుకోబెట్టనిస్తావా?"

"నేను స్క్రూ గురించి అడిగాను."

"నేనే పడుకుని చూశాను. వారం నుంచి అక్కడే పడుకుంటున్నాను. ఏమీ కాలేదు."

"నువ్వా? దాని మీదా? మరి నీ మంచం?"

"ఇంకా కొనలేదు. ముందు దాని గది తయారవనీ అని."

"నీ అంత పిచ్చివాణ్ణి నేను చూడలేదు. డ్రిల్లు అందుకో, ఆ అలమర బిగించేద్దాం."

"పది దాటిందా? పదిలోపు చప్పుడు చేస్తే కింది అంతస్తు గున్వోర్ గారు ఊరుకోరు. కింద అందరం బట్టలుతికే గదిలో చీటీ అంటిస్తారు. మొన్న మిషన్‌లో నా మేజోడు ఒకటి మరిచిపోతే, 'ఈ మేజోడు యజమానికి నమస్కారం, మనమందరం ఒకే ఇంట్లో బతకాలి' అని రాసి, దాన్ని పిన్నుతో గోడకి గుచ్చారు."

"దాటింది. బిగించు. గట్టిగా నొక్కు. ఇంకా. ఆఁ, అదీ! ఆపు ఆపు, ఎవరో వచ్చారు."

"తలుపు తీసే ఉంది బాబూ, వచ్చేశాను. చెప్పులు బయటే విప్పాను. నేను గున్వోర్‌ని, కింది అంతస్తు."

"క్షమించండి గున్వోర్ గారూ, పది దాటిందని డ్రిల్లు..."

"దాటి రెండు నిమిషాలే అయింది. నేనేమీ అనడం లేదు. ఊరికే, చూద్దామని వచ్చాను. ఓహో, పిల్లల గదా! మీ ఇద్దరికీ పిల్లలున్నారా?"

"ఆఁ... అంటే, ఉంది, కానీ గున్వోర్ గారూ..."

"ఉందండి. ఆడపిల్ల. తొమ్మిదేళ్లు. నా పేరు హెన్నింగ్."

"ఎంత బాగుంది బాబూ! మా కాలంలో దాచుకుని చచ్చేవాళ్లు. మా అన్నయ్య బతికున్నన్నాళ్లూ తన స్నేహితుణ్ణి 'మా ఇంట్లో అద్దెకుంటున్నాడు' అనే చెప్పాడు. ముప్పయ్యేళ్లు అద్దెకున్నాడు పాపం. ఒక్క నెలా అద్దె కట్టగా మేమెవరం చూడలేదు. మీరు చక్కగా, ఇద్దరు నాన్నలూ కలిసి గోడలకి రంగు వేసుకుంటున్నారు."

"గున్వోర్ గారూ, మీరు పొరబడ్డారు. మేమిద్దరం..."

"మేమిద్దరం ఇంకా పెళ్లి చేసుకోలేదండి. ఈవార్ కాస్త సిగ్గరి."

"హెన్నింగ్!"

"చూశారా, చెవులెలా ఎర్రబడ్డాయో."

"సిగ్గెందుకు బాబూ, నేనేమన్నా కొత్తదాన్నా? మీ ఇద్దరిలో వంటెవరు?"

"ఈవారే. ఇతని చేతి మాంసపు ఉండలంటే పిల్ల పడిచస్తుంది. నేను చేస్తే కుక్కకి పెడుతుంది."

"నీకు కుక్కెక్కడిది?"

"పక్కింటి కుక్క. అదీ మూతి తిప్పుకుంటుంది."

"అచ్చం మొగుడూ పెళ్లాల్లాగే ఉన్నారు! సరే, పన్నెండింటికి ఆపేయండి. నేను కాస్త నడుం వాలుస్తాను. పిల్ల వచ్చాక కిందికి పంపండి. శనివారం మిఠాయి నా డబ్బాలోనూ ఉంటుంది. వారానికి ఒక్కరోజేగా, పళ్లేమీ పుచ్చిపోవు. ఆ ఆకుపచ్చ మాత్రం బాగుంది, పసుపు వేయకండి."

"వింటున్నావా హెన్నింగ్?"

"వింటున్నాను. వెళ్లిరండి గున్వోర్ గారూ."

"... ఎందుకలా చెప్పావు ఆవిడకి? రేపు బట్టలుతికే గదిలో అందరూ నాకు శుభాకాంక్షలు చెబుతారు!"

"నిజం చెప్పాలంటే పన్నెండు దాటేది. 'అమ్మా, ఈయన నా మాజీ పెళ్లాంతో ఐదేళ్లు కాపురం చేసి ఆమెకి మాజీ అయినాయన.' ఈ వరసకి పేరేంటో నువ్వు చెప్పు."

"బోనస్ నాన్న. సవతి తండ్రిని మన దగ్గర అలాగే అంటాంగా."

"అది పిల్లకి. నాకేమవుతావు?"

"నీకేమీ అవను. ఇప్పుడు పిల్లకీ ఏమీ అవను. పొద్దుటి నుంచీ నేను చెప్పాలని చూస్తున్నది అదే."

"కాఫీ పెట్టావా? దాల్చినచెక్క రొట్టెలు తెచ్చానన్నావు."

"ముందు నేను చెప్పింది విను, తరవాత రొట్టెలు. దిగు."

"దిగను. నాకిక్కడ బాగుంది."

"సరే, అక్కడే ఉండి విను. చట్టం దృష్టిలో ఆ పిల్లకి నేను దారినపోయే దానయ్యని. ఐదేళ్లు బడికి దింపాను. పన్ను ఊడిన ప్రతిసారీ గ్లాసు నీళ్లలో వేసి, తెల్లారేలోపు దేవత తెచ్చినట్టు అందులో నాణెం వేసింది నేను. చెవిపోటు వచ్చినప్పుడు రాత్రంతా ఒళ్లో పెట్టుకున్నది నేను. మాలిన్ 'ఇంక మనకి కుదరదు ఈవార్' అన్న రోజున నా పుస్తకాలు నాకిచ్చింది, నా గిన్నెలు నాకిచ్చింది. అంతే. బోనస్ అంటే ఉద్యోగంతో పాటే ఊడిపోతుందని నాకు ముందు ఎవరూ చెప్పలేదు."

"ఊఁ."

"మాలిన్ లేకుండా నిద్ర పడుతోంది నాకు. నీ దగ్గర దాపరికమెందుకు, హాయిగా పడుతోంది. ఆ పిల్ల లేకుండా పట్టడం లేదు. శుక్రవారం వస్తే సాయంత్రం నాలుగింటికి చెవులు గుమ్మం వైపే ఉంటాయి. సంచి కింద పడేసిన చప్పుడు కోసం."

"మాలిన్‌ని అడిగావా?"

"అడిగాను. 'హెన్నింగ్ ఏమంటాడో చూడు' అంది. నాకు అదే వింత. ఐదేళ్లలో ఏ విషయంలోనూ నువ్వేమంటావో చూడమనలేదు."

"మనిషన్నాక మారతాడు."

"అందరూ ఇప్పుడే మారుతున్నారా? సరే. నెలకి రెండు రాత్రులు. నీ వారంలోంచి ఇవ్వాలంటే నీకు కష్టమే, నాకు తెలుసు. రెండు కాకపోతే ఒకటి. నెలకి ఒక్క రాత్రి. అదీ కుదరకపోతే శనివారం పూట మధ్యాహ్నం వచ్చి మిఠాయి తిని వెళ్లిపోనీ, మంచం మీద ఎక్కి దిగి..."

"నీకు బేరం చెయ్యడం ఎవరు నేర్పారు ఈవార్? అవతలివాడు నోరు విప్పకుండానే నువ్వే దించుకుంటూ పోతున్నావు."

"మరి నోరు విప్పు!"

"విప్పుతాను. ముందు ఈ పైకప్పు సంగతి తేల్చు. నిచ్చెన మీదున్నాను కదా, ఒక పనైపోతుంది. దీనికి ఏ రంగు?"

"నేనేం అడుగుతున్నాను, నువ్వేం మాట్లాడుతున్నావు?"

"చెబుతానన్నానుగా. ముందు రంగు చెప్పు."

"లేత నీలం. మూలనుంది చూడు, సగం డబ్బా. మూత తీసే ఉంది."

"ఇదా? వద్దు వద్దు. ఇది డబ్బాలో ఉన్నంతసేపే బాగుంటుంది. పైన వేశాక పొద్దుటి ఎండ పడిందా, ఆసుపత్రే. కళ్లు తెరిచేసరికి మనకి ఏదో కోసేశారని భయమేస్తుంది. పైగా నువ్వు అంచులు సరిగ్గా వెయ్యవు. కిటికీ వైపు అంత పొడుగు తెల్లగీత వదిలేశావు. చూపంతా పోయి దాని మీదే పడుతుంది."

"ఎక్కడ?"

"ఏది ఎక్కడ?"

"తెల్లగీత ఎక్కడ వదిలేశాను?"

"పైన. అంటే... ఇక్కడ వేస్తే వదిలేస్తావేమో అని."

"ఈ గదిలో ఇంకా పైకప్పుకి బ్రష్షే ఆనించలేదు హెన్నింగ్."

"అదే అంటున్నాను, జాగ్రత్తగా వెయ్యాలని."

"ఈ నీలం నా జన్మలో ఒక్క గదికే వేశాను. ఏప్రిల్‌లో. మాలిన్ పడకగదికి. గది కొత్తగా కనబడితే మేమూ కాస్త కొత్తగా కనబడతామేమో అనుకున్నాను. రంగు సరిగ్గా ఆరకముందే బయటికొచ్చేశాను."

"అలాగా. పాపం."

"ఆ తెల్లగీత నాకు తెలుసు. గుమ్మంలో నిలబడితే కనబడదు, దూలం అడ్డం. కుర్చీలో కూర్చున్నా కనబడదు. వెల్లకిలా పడుకుంటే తప్ప కనబడదు. అదీ గోడ వైపు పడుకుంటే."

"దీపం మార్చడానికి వెళ్లాను."

"పడుకుని మార్చావా?"

"నడుం పట్టేసింది. కాస్త వాలాను."

"ఆ గదిలో దీపాలు గోడకున్నాయి. నేనే బిగించాను."

"గోడ దీపమే మార్చాను."

"పొద్దుటి ఎండ అన్నావు."

"పొద్దున పూటే నాకు నడుం ఎక్కువ పడుతుంది."

"హెన్నింగ్."

"సరే. సరే! దిగుతున్నాను. నిచ్చెన పట్టుకో. పట్టుకున్నావా? వదలనని ముందు ఒట్టెయ్."

"వదలను. అక్కడే ఉండు. ఎప్పట్నుంచి?"

"దిగి చెబుతాను."

"అక్కడే. ఎప్పట్నుంచి?"

"జూన్ నుంచి. నువ్వు వెళ్లిపోయాకే, దేవుడి మీద ఒట్టు. మిడ్‌సమ్మర్ పండగ రోజున సిగ్నె పిలిచిందని వెళ్లాను. చేపలు తిన్నాం, సారా తాగాం, నెత్తిన పువ్వులు పెట్టుకుని ఆనవాయితీగా స్తంభం చుట్టూ అందరితో పాటు కప్పల్లా గెంతాం. ఈ వయసులో పెళ్లాం పక్కన కప్పలా గెంతాక మనిషికి ఇంకేం సిగ్గు మిగులుతుంది?"

"నీ పెళ్లాం కాదు. నీ మాజీ పెళ్లాం."

"గెంతేటప్పుడు గుర్తులేదు."

"నాతో ఒక్కసారీ గెంతలేదు. ఏటా మోకాలు నొప్పనేది."

"నాతోనూ అప్పట్లో నొప్పనే అనేది. ఇప్పుడు తగ్గింది."

"సిగ్నెకి తెలుసా?"

"ముందు కనిపెట్టింది అదే. మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి, 'విడాకుల్లో కూడా నిలకడ లేదా మీకు?' అంది."

"నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు."

"చెబుదామనే వచ్చాను ఈవార్. నిజంగా. మెట్లెక్కుతూ వల్లె వేసుకున్నాను కూడా. తలుపు తీయగానే నువ్వు రోలర్ పట్టుకుని, చంటిపిల్లాడిలా నవ్వుతూ నిలబడ్డావు. పసుపు గురించి మొదలెట్టాను."

"అంటే నువ్వు అక్కడికి..."

"వచ్చే నెల మారిపోతున్నాను. నా ఇల్లు వదిలేస్తున్నాను. గుర్రాలూ, తెల్లసున్నం, అన్నీ వచ్చేవాడి ఖర్మ."

"అయితే ఇంక నీ వారం, ఆవిడ వారం అని ఉండదు."

"ఉండదు. అన్నీ మా వారాలే."

"అందుకా నీకు మండటం లేదు. ఓడినవాడి గది ఎంత బాగుంటే మాత్రం ఏంటి! అర చేర్చమన్నావు, తెర కుట్టమన్నావు, పాపం అని. సరే. అర్థమైంది. పిల్లకి అమ్మా నాన్నా ఒకే ఇంట్లో ఉంటే ఇంక మూడోవాడెందుకు? దానికి మంచిదే. నిజంగానే అంటున్నాను, మంచిదే. ఆ బ్రష్ కింద పెట్టెయ్. మంచం నేను విప్పుకుంటాను."

"ఈవార్, విను."

"నేనేమీ ఏడవడం లేదు. రంగు ఘాటు."

"ఇది నీళ్ల రంగు, ఘాటుండదు. విను. మాలిన్ నీతో ఒక మాట చెప్పమంది. చెప్పమనడం కాదు... అడగమంది."

"ఇంకా ఏం మిగిలిందని అడగడానికి?"

"ఐదేళ్లూ పిల్ల నా దగ్గరున్న వారం, మీరిద్దరే ఉండేవాళ్లుగా. ఎలా ఉండేది?"

"ఎలా ఉండటమేంటి? పొద్దెక్కి లేచేవాళ్లం. తిన్న కంచాలు తిన్నచోటే వదిలేసేవాళ్లం."

"వంటింట్లో బట్టల్లేకుండా తిరగడం..."

"అది నీకెవరు... సరే, వద్దు. చెప్పకు."

"చెప్పాలి, అసలు విషయం అదే. నాకూ అంతే. వారం తండ్రిని, వారం రాజుని. ఇప్పుడు నేను వెళ్లి అక్కడ చేరితే? ప్రతి వారం. ప్రతి పూట. సెలవుల్లో కూడా. అది పెళ్లి చేసుకునో శవపేటికలు చేసుకునో బయటికి పోయేదాకా. మా ఇద్దరికీ అలవాటు తప్పిపోయింది ఈవార్. మొన్న వేసవిలో వరసగా పది రోజులు ముగ్గురం ఒక కుటీరంలో ఉన్నాం. చివరికి మాలిన్ స్నానాల గదిలో గొళ్లెం పెట్టుకుని కూర్చుంది. నేను చెత్త పారేసి వస్తానని వెళ్లి, చెత్తకుండీ పక్కనే గంటసేపు హాయిగా కూర్చున్నాను."

"చెత్తకుండీ పక్కనా?"

"అక్కడ ఎవరూ ప్రశ్నలడగరు. అన్నం ముందు కూర్చుంటే, శవానికి మేజోళ్లు తొడుగుతారా నాన్నా అంటుంది. ప్రతి రోజూ! మేము చెడ్డవాళ్లం కాదు. పిల్లంటే ప్రాణమే. కానీ మేమిద్దరం సగం రోజులే మంచివాళ్లం. మిగతా సగం మాకు ఎవరైనా కావాలి."

"దానికి జవాబు చెబితే ఊరుకుంటుంది. తొడుగుతారు. కావాలంటే ఉన్నివి కూడా."

"చూశావా? నీకు తెలుసు! అందుకే... మాలిన్ ఏమందంటే, నేనూ అదే అనుకున్నాననుకో... ఈ గది పిల్లకి నచ్చి, నీకు అభ్యంతరం లేకపోతే, శని ఆదివారాలు అది నీ దగ్గర ఉంటే బాగుంటుందని. అప్పుడప్పుడు. నీకు వీలైనప్పుడే. లేకపోతే కంటి నిండా నిద్ర కోసమైనా మేమిద్దరం మళ్లీ విడిపోవాలి."

"అంటే పొద్దుటి నుంచీ నన్ను అడగాల్సింది నువ్వా?"

"ఆఁ."

"నేను రెండు రాత్రులు, ఒక్క రాత్రి, ఒక్క మధ్యాహ్నం అని దేబిరిస్తుంటే, నువ్వు నిచ్చెన మీద కూర్చుని వింటున్నావా?"

"నీ బేరం నువ్వే దించుకుంటుంటే నేనెందుకు అడ్డం పడాలి? నాకూ పౌరుషం ఉండదా?"

"పిల్లని అడిగారా?"

"అడిగాం. మాతో ఒక్క మాట కూడా అనలేదు. లోపలికి పోయి సంచి సర్దుకుని గుమ్మం దగ్గర పెట్టింది. నిన్నటి నుంచి అక్కడే ఉంది. దాటుకుని తిరుగుతున్నాం."

"ఆ మిగిలిన స్క్రూ ఎక్కడ పెట్టాను?"

"స్క్రూ తరవాత ఈవార్. నిచ్చెన వదలనన్నావు, గుర్తుందా? శని ఆదివారాలు మరీ ఎక్కువైతే నెలకి రెండు రాత్రులైనా..."

"నెలకి రెండు రాత్రులు కాదు. శని ఆదివారాలూ కాదు. శుక్రవారం నుంచి శుక్రవారం దాకా, వారం విడిచి వారం, నీకు ఐదేళ్లు ఎలా సాగిందో అలా."

"సగమా? సగానికి సగం అడుగుతావా?"

"ఒక్క రాత్రి తగ్గినా నాకు కుదరదు హెన్నింగ్. మాలిన్‌తో కూర్చుని నిదానంగా ఆలోచించుకోండి, కాపురం మీది."